అవ్వకెన్ని బెండ్లు

అనగా అనగా, ఏరు ఇప్పటికంటే వెడల్పుగా పారే రోజుల్లో, ఏటిగడ్డ అనే ఊరుండేది. ఏరు తర్వాత సన్నబడింది గానీ ఆ ఊరి వాళ్ల నోళ్లు మాత్రం అప్పుడెంత వెడల్పో ఇప్పుడూ అంతే.

ఆ ఊరి ఇళ్లన్నీ ఏటికి ఇవతల. పొలాలన్నీ ఏటికి అవతల. ఎందుకలా కట్టుకున్నారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. అడిగినవాడికి చీకటి పడిపోతుంది గానీ కారణం తెలియదు. ఎండాకాలం ఏట్లో మోకాటి లోతు నీళ్లు, నడిచిపోవచ్చు. వానాకాలం అలా కాదు. పైన ఎక్కడో కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తూ ఉండగానే ఏరు వచ్చేస్తుంది. ఈత రానివాడు ఆ వేళకు అవతలి పొలంలో ఉంటే ఆ పొలంలోనే పడుకోవాలి. ఏటి మధ్యలో ఉంటే ఇక ఎక్కడా పడుకోనక్కర్లేదు.

అందుకని ఆ ఊళ్లో ఒక కట్టుబాటు. ఏడాదికోసారి, మొదటి వరద తీసి ఏరు కాస్త నెమ్మదించాక, ఊరంతా ఒడ్డుకు చేరుతుంది. ఈడొచ్చిన వాళ్లు, ఆడా మగా తేడా లేకుండా, ఒక్కొక్కరే ఏట్లో దిగాలి. అవతలికి ఈది, అక్కడి గట్టు మీద గుప్పెడు గడ్డి పీకి, పళ్ల మధ్య పట్టుకుని తిరిగి రావాలి. వచ్చినవాళ్లను పెద్దల బంతిలో కూర్చోబెట్టి కొర్రన్నం, చింతపులుసు పెడతారు. ఆ బంతిలో తిన్నవాళ్లే అవతలి పొలంలో నాగలి మేడి పట్టాలి. తిననివాడు ఎంత బలవంతుడైనా, ఎంత మీసమున్నా, ఇవతలి ఒడ్డున దూడలు కాయాల్సిందే. ఇంకో మాట. ఏట్లో ఉన్న మనిషిని ఎవరూ తాకకూడదు. తాకితే ఆ దాటడం లెక్కలోకి రాదు. మళ్లీ ఏడాది ఆగాలి.

ఈత నేర్చుకునేది ఊరి దిగుడు బావిలో. నేర్పేది సుంకులవ్వ.

సుంకులవ్వ చాపలల్లుకునే మనిషి. బెత్తెడు పొలం లేదు. పొలం లేనివాళ్లు ఏరు దాటనక్కర్లేదు. దాటారా లేదా అని ఎవరూ చూడరు కూడా. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తుంగ నానబెట్టుకోవడానికి రోజూ బావి మెట్ల మీదికి వచ్చేది. అక్కడే కూర్చుని అల్లుకునేది. అల్లుకుంటూ నీళ్లలో పిల్లల్ని చూసేది. ఆ కాలంలో ఈత నేర్పడమంటే తండ్రి కొడుకును ఎత్తి బావిలో వేయడమే. వాడు తేలితే మా వంశం అనేవాడు తండ్రి. మునిగితే వాళ్లమ్మ పోలిక అనేవాడు.

చూసి చూసి సుంకులవ్వ ఒకరోజు చాప పక్కన పెట్టింది. ఎండిన అవిసె మొద్దు తెచ్చి గుండ్రటి ముక్కలు కోసింది. అవే బెండ్లు. చూడ్డానికి గుమ్మడికాయంత, ఎత్తితే కోడిపిల్లంత బరువు. వాటిని తాడుకు గుచ్చి ఒక పిల్లవాడి నడుముకు కట్టి నీళ్లలోకి దింపింది. వాడు తేలాడు.

అక్కడితో ఆగితే అది పెద్ద విద్య కాదు. తేలింది బెండు, పిల్లవాడు కాదు. ఆమె విద్య తర్వాత ఉంది. పిల్లలు ఇళ్లకు వెళ్లాక సుంకులవ్వ కత్తి తీసేది. బెండును గోరంత గీకేది. పైకి ఏమీ అనేది కాదు. మర్నాడు పిల్లవాడు అదే బెండు అనుకుని దిగేవాడు. ఆ గోరంత బరువును ఇప్పుడు తన కాళ్లూ చేతులూ మోస్తున్నాయని వాడికి తెలిసేది కాదు. మళ్లీ కత్తి తీసేది. మళ్లీ గోరంత గీకేది. పైకి ఏమీ అనేది కాదు. ఒకనాటికి వాడి నడుముకు ఒట్టి తాడు మిగిలేది. వాడు ఆ చివరి నుంచి ఈ చివరికి ఈదుతూ, "అవ్వా, బెండు ఊడిపోలేదు గదా, చూడు" అనేవాడు.

"ఉందిలే నాయనా. కాళ్లాడించు" అనేది అవ్వ.

అందరికీ ఒకే గీకుడు కాదు. ఇప్పుడు మీసాలు దువ్వుకుంటూ తిరిగే పెద్దమనుషులంతా ఆ మెట్ల మీద ముక్కు చీదినవాళ్లే. ఉరుకుందప్ప నీళ్లు చూస్తే బిక్కచచ్చిపోయేవాడు. వాడికి పెద్ద బెండ్లు కట్టి, నెలల తరబడి కత్తి ముట్టుకోలేదు. బసన్నది దూకుడు. వాడికి మొదటిరోజే కావాల్సినదానికంటే చిన్న బెండు కట్టింది. రెండు గుక్కల నీళ్లు లోపలికి పోయాక వాడికి బావి మీద గౌరవం కలిగింది. కుమ్మరి హొన్నమ్మకు ఎడమ చెయ్యి బలహీనం. ఆమె బెండు ఎడమ పక్కకు కట్టింది. ఎవరికెంత కావాలో అంత. ఒక గోరు ఎక్కువ కాదు, ఒక గోరు తక్కువ కాదు.

ఇది ఊరికి అర్థం కాలేదు. ఊరు బెండ్లు లెక్కపెట్టేది.

"మావాడు ఒక్క బెండు మీదికి వచ్చేశాడక్కా. మీవాడికి ఇంకా మూడా? పాపం, నిదానంగా వస్తాడులే" అని ఒక తల్లి ఇంకో తల్లిని ఓదార్చేది. ఆ ఓదార్పుకు రెండిళ్లకూ మాటలు పోయేవి.

అలాంటి ఊరికి అల్లుడై వచ్చాడు మారెన్న.

దూకుడు బసన్న పెద్దవాడై, పొలం పెంచుకుని, బొజ్జ పెంచుకున్నాడు. కొడుకుల్లేరు. ఈరమ్మ అని ఒక్కతే కూతురు. తమ్ముడి కొడుకులు మాత్రం నలుగురున్నారు. బసన్న ఎప్పుడు దగ్గినా పరామర్శకు వచ్చేవాళ్లు. అంత ప్రేమ. ఆ ప్రేమకు భయపడి బసన్న ఈరమ్మకు ఇల్లరికపు అల్లుణ్ణి వెతికాడు. గుట్టపాడు నుంచి మారెన్నను తెచ్చాడు. బండి చక్రం ఒంటిచేత్తో ఎత్తే మనిషి. మాట మెత్తన. కట్నాలు లేవు, కానుకలు లేవు, పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. భోజనాల దగ్గర ఉరుకుందప్ప పులుసు జుర్రుకుంటూ అడిగాడు.

"అల్లుడికి ఈత వచ్చునా బసన్నా?"

బసన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అన్నీ అడిగాడు, అదొక్కటి అడగలేదు. గుట్టపాడు కొండ మీద ఊరు. అక్కడ నీళ్లంటే కడవలో ఉండేవి. తనను ముంచేంత నీళ్లను మారెన్న ఆ రోజుదాకా ఎక్కడా చూడలేదు.

మర్నాడే మామ అల్లుణ్ణి బావి దగ్గరికి తీసుకుపోయాడు. సుంకులవ్వ అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఉన్నవాటిలో పెద్దవి నాలుగు బెండ్లు తీసి నడుముకు కట్టింది. నీళ్లలో ఉన్న పిల్లలంతా ఈత ఆపి చూశారు. ఊరి అల్లుడంటే ఊరి పిల్లలందరికీ బావే గదా. "బెండ్ల బావ" అని పేరు పెట్టేశారు. సాయంత్రానికి ఆ పేరు ఊరంతా తిరిగి, బసన్న ఇంటి ముందు ఆగింది.

మారెన్న దిగాడు. తేలాడు. కానీ చేతులు మెట్టు వదలవు. బండి చక్రం ఎత్తే చేతులు నాచు పట్టిన రాయిని కరుచుకుని ఉండేవి. చుట్టూ మోకాలెత్తు పిల్లలు కప్పల్లా దూకేవాళ్లు. "బావా, రా బావా, మేం పట్టుకుంటాం" అనేవాళ్లు. అతనికి ఆ నీళ్లలోనే మునిగిపోవాలనిపించేది. బెండ్లు మునగనిచ్చేవి కావు.

కొన్నాళ్లకు బసన్న వచ్చాడు. "చిన్నమ్మా, ఒక బెండు తీసెయ్యి. నాలుగంటే ఊళ్లో నవ్వుతున్నారు" అన్నాడు.

"నవ్వేవాళ్లు దిగి ఈదుతారా ఏంది అతని బదులు?" అంది సుంకులవ్వ. "ఆ బెండు నాది కాదు, నీది కాదు. అతనికి అక్కర తీరిన రోజు అదే పోతుంది."

బసన్న వెళ్లిపోయాడు. మామ మాటలు విన్న మారెన్న ఆ రోజు నీళ్లలోకి దిగలేదు. పిల్లలు ఇళ్లకు పోయేదాకా మెట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు. సుంకులవ్వ పక్క మెట్టు మీద తుంగ చీలుస్తూ ఉంది.

"నాతో కాదవ్వా" అన్నాడు చివరికి. "మా ఊరికి పోతా. ఈరమ్మ వస్తే వస్తుంది, లేకుంటే లేదు. ఈ భయం ఎట్లుంటాదో నీకు తెలీదు. నువ్వు నీళ్లలో పుట్టినదానివి."

సుంకులవ్వ తుంగ చీల్చడం ఆపలేదు. "నన్ను నీళ్లలో ఎప్పుడన్నా చూసినావా?" అంది.

మారెన్న ఆలోచించాడు. రోజూ మెట్టు మీదే చూశాడు. పాదాలు తడిసి ఉంటాయి. అంతే.

"నువ్వే కాదు, ఎవరూ చూడలేదు. నా చిన్నప్పుడు మా నాయన నన్ను ఈ బావిలోనే విసిరేసినాడు. జుట్టు పట్టి పైకి లాగినారు. ఆనాటి నుంచి మోకాలు దాటి నీళ్లు రానియ్యలేదు నేను. నాకు ఈత రాదు నాయనా."

మారెన్న ఆమె ముఖంలోకి చూశాడు. ఎగతాళి అనుకున్నాడు. కాదు.

"ఊరందరికీ నేర్పినావు గదా."

"నేర్పినా. మునిగినదాన్ని గదా, ఎక్కడ మునుగుతారో నాకు బాగా తెలుసు."

"మరి నువ్వెందుకు నేర్చుకోలేదు?"

"నాకు బెండు గీకేదెవరు?" అంది సుంకులవ్వ.

అందులో ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. తుంగ ఖరీదు చెప్పినట్టు చెప్పింది.

"నాకు వచ్చినాక నీకు నేను గీకుతానవ్వా."

అవ్వ నవ్వింది. "ముందు నీ నాలుగు పోనీ. ఈ మాట ఎవరితో అనొద్దు. తెలిస్తే తల్లులు పిల్లల్ని పంపరు. మళ్లీ తండ్రులు విసిరేస్తారు."

ఎవరితోనూ అననని మారెన్న మాటిచ్చాడు. ఈరమ్మతో కూడా అనలేదు. ఆ ఊళ్లో ఒక మాట ఒక మనిషి దగ్గర ఆగడం అదే మొదలు.

పిల్లవాళ్లకు కావాల్సింది ఆట. మారెన్నకు కావాల్సింది తనలాగే భయపడ్డ మనిషి. సుంకులవ్వ అది చూసి, అతనికి కావాల్సినంత ఇచ్చింది. మర్నాడు అతని చేతులు మెట్టు వదిలాయి. సుంకులవ్వ కత్తి తీసింది. గోరంత గీకింది. పైకి ఏమీ అనలేదు. నాలుగు బెండ్లు మూడయ్యాయి.

బసన్న మళ్లీ వచ్చాడు. "చిన్నమ్మా, ఇంకోటి తీసెయ్యి. చిన్న పిల్లలు ఒకటి మీద ఉన్నారు."

"వాళ్లు చిన్న పిల్లలు గనక" అంది సుంకులవ్వ. "వాళ్లకు చావంటే ఏందో తెలీదు. అతనికి తెలుసు. ఆ తెలిసినదాన్ని కూడా బెండు మొయ్యాల."

ఎండలు పోయాయి. మబ్బులు వచ్చాయి. మూడు బెండ్లు రెండయ్యాయి. మారెన్న ఇప్పుడు బావి ఆ చివరిదాకా పోయి వచ్చేవాడు. పిల్లలు అతని వీపెక్కి ఊరేగేవాళ్లు. ఈరమ్మ నీళ్లకు వచ్చి కడవ నిండినా నిండనట్టు నిలబడి చూసేది. సుంకులవ్వ రెండు బెండ్ల మీద మాత్రం కత్తి పెట్టలేదు. ఒకసారి గోరంత గీకి చూసింది. మధ్యలో అతని గడ్డం నీళ్లకు తగిలింది, కళ్లలో పాత భయం కనిపించింది. మర్నాడు కొత్త బెండు కోసి, మళ్లీ మునుపటి రెండంతే చేసి పెట్టింది.

ఏరు దాటే రోజు దగ్గరపడింది. బసన్న మూడోసారి వచ్చాడు. "చిన్నమ్మా, రెండూ తీసెయ్యి. నాకు దున్నే ఓపిక పోయింది. ఈ ఏడు దాటకుంటే అవతల మేడి పట్టేవాడు లేడు. మా తమ్ముడి కొడుకులు నాగళ్లు సిద్ధం చేసుకున్నారు."

"ఇంకొక్క ఏడు ఆగు బసన్నా. అతనికి ఇంకా రెండు కావాల."

"ఆగలేను."

"అట్లయితే రెండు బెండ్లతోనే దాటనీ. బెండ్లు కట్టుకోకూడదని కట్టుబాటులో లేదు గదా."

అది నిజమే. కట్టుబాటులో లేదు. సిగ్గు మాత్రం ఉంది. బసన్న చివరికి సరేనన్నాడు.

ఆ రోజు వచ్చింది. ఏరు ఎర్రగా, నిండుగా పారుతోంది. ఊరంతా ఒడ్డు మీద ఉంది. పనున్నవాళ్లు, లేనివాళ్లు, మంచం పట్టినవాళ్లు కూడా. పోయినేడు ఎవరు మధ్యలో ఏడ్చారో చెప్పుకోవడానికి అదొక్కటే రోజు గదా. పిల్లలు ఒక్కొక్కరే దాటి వచ్చారు, పళ్ల మధ్య గడ్డితో, బుంగమూతులతో. చివరికి మారెన్న వచ్చాడు. నడుముకు రెండు బెండ్లు.

ఒడ్డు మీద చిన్న నవ్వు పుట్టింది. ఉరుకుందప్ప దాన్ని పెద్దది చేశాడు.

"బసన్నా, మీ ఇంటి నుంచి ఈ ఏడు ఏరు దాటేది బెండ్లా, అల్లుడా? ఏది దాటితే దానికి మేడి ఇవ్వాల గదా. ముందే చెబితే మంచిది."

జనం విరగబడి నవ్వారు. నెలల తరబడి పెద్ద బెండ్లు విప్పనివాడే ఆ మాట అంటున్నాడని ఎవరికీ గుర్తు లేదు. తమ్ముడి కొడుకులు అందరికంటే బాగా నవ్వారు. బసన్న ముఖం ఏటి రంగుకు తిరిగింది. నడుము నుంచి కొడవలి తీశాడు. మారెన్న నడుము తాడు కోసేశాడు. బెండ్లు రెండూ ఇసుకలో దొర్లాయి.

"దిగు అల్లుడా" అన్నాడు.

"వద్దు బసన్నా" అంది సుంకులవ్వ వెనకనుంచి. "అతనికి ఇంకా రెండు."

మారెన్న అవ్వ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఈరమ్మ వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది. ఊరి వైపు చూశాడు. ఊరు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. నేను దిగనని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. దాని వెనకే సిగ్గు వచ్చింది. మాట ఆగిపోయింది, కాళ్లు కదిలాయి.

బాగా ఈదాడు. అది చెప్పుకోవాలి. మధ్య దాకా బాగా ఈదాడు. అవ్వ ఇన్ని నెలలు గీకిన గోరంతలన్నీ కలిసి అతన్ని అంతదూరం మోశాయి. నడి ఏట్లో నీళ్ల ఉరవడి పక్కనుంచి తగిలింది. నడుము దగ్గర తడుముకున్నాడు. అక్కడ ఏమీ లేదు. పాత భయం మీదికి వచ్చింది. తల లోపలికి పోయింది. పైకి వచ్చింది. మళ్లీ పోయింది.

"మునకలేస్తున్నాడు చూడు, దర్జాగా" అన్నాడు ఉరుకుందప్ప.

ఈరమ్మ ఏటి వైపు పరుగెత్తింది. తల్లి రెక్క పట్టుకుంది. "తాకితే లెక్కలోకి రాదే. ఒక్క నిమిషం ఓర్చుకో." ఈత వచ్చినవాళ్లు ఒడ్డు నిండా ఉన్నారు. అందరూ ఒక్క నిమిషం ఓర్చుకున్నారు.

సుంకులవ్వ ఓర్చుకోలేదు. ఇసుకలో పడ్డ బెండ్లు రెండూ తీసుకుంది. ఒకటి ఈ చంకలో, ఒకటి ఆ చంకలో పెట్టుకుంది. నీళ్లలోకి నడిచింది. మోకాళ్లు మునిగాయి. ఆగలేదు. నడుము మునిగింది. ఆగలేదు.

"అవ్వ దిగింది" అన్నాడు ఒకడు.

"అవ్వ దిగింది, ఇక భయం లేదు" అంది ఈరమ్మ తల్లి. కూతురి రెక్క వదిలింది. అవ్వ దిగిందని ఈరమ్మ కూడా నిలబడిపోయింది. అందరి గుండెలూ చల్లబడ్డాయి. ఊరందరికీ ఈత నేర్పిన మనిషి దిగింది గదా.

ఇన్నేళ్లూ మెట్టు మీద కూర్చుని పిల్లలకు ఏది చెప్పిందో అదే చేసింది సుంకులవ్వ. గడ్డం పైకి పెట్టింది. కాళ్లాడించింది. బెండ్లు ఆమెను మోశాయి. మారెన్న మూడోసారి మునిగి పైకి తేలేసరికి ఎదురుగా అవ్వ ముఖం కనిపించింది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుని ఉంది. కళ్లు పసిపిల్ల కళ్లలా ఉన్నాయి.

మునిగేవాడు దొరికినదాన్ని పట్టుకుంటాడు. మారెన్న బెండ్లను పట్టుకున్నాడు. రెండు బెండ్లు, ఇద్దరు మనుషులు. నీళ్లు ఇద్దరి నోళ్లదాకా వచ్చాయి.

అతనికి రెండు. ఒకటి తగ్గినా మునుగుతాడు. గీకి చూసిన మనిషికి అది తెలియనిది కాదు.

సుంకులవ్వ చంకలు వదులు చేసింది. బెండ్లను అతని ఛాతీ కిందికి నెట్టింది.

"కాళ్లాడించు నాయనా" అంది.

చెప్పినట్టు చేయడం అతనికి అలవాటు. కాళ్లాడించాడు. ఉరవడి అతన్ని దిగువకు తోసి ఒడ్డుకు చేర్చింది. ఊరంతా అటు పరుగెత్తింది. ఒకరిద్దరు కాదు, ఊరంతా, ఏటికి వీపు తిప్పి. అతన్ని బోర్లా వేసి వీపు మీద చరిచారు. నోట్లోంచి మాట రావాల్సిన చోట నీళ్లు వచ్చాయి. బసన్న అల్లుడి తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఈరమ్మ పాదాలు రుద్దుతోంది.

"అవ్వకు ఈత రాదు" అన్నాడు మారెన్న.

"నీళ్లు మింగినాడు పాపం, ఏందేందో అంటున్నాడు" అన్నారు.

"అవ్వకు ఈత రాదు" అన్నాడు మళ్లీ.

ఎవరో నవ్వారు. నవ్వడం ఆ ఊరికి అంత తేలిక.

మూడోసారి అతను అనలేదు. అరవబోయి అరవలేక, చెయ్యెత్తి ఏటి వైపు చూపించాడు. అప్పుడు తిరిగి చూశారు. ఏరు ఎర్రగా, నిండుగా పారుతోంది. దాని మీద ఏమీ లేదు.

ఊరంతా ఏట్లో దూకింది. ఉరుకుందప్ప దూకాడు. బసన్న కొడవలితో సహా దూకాడు. హొన్నమ్మ ఒంటిచేత్తో ఈదింది. బెండ్లు లెక్కపెట్టిన ఆ తల్లీ ఈ తల్లీ, తమ్ముడి కొడుకులు నలుగురూ, పొద్దున గడ్డి తెచ్చిన పిల్లలూ. ఒక్కరూ మునగలేదు. ఒక్కరూ అలిసిపోలేదు. ఏటిగడ్డ అంత బాగా ఎప్పుడూ ఈదలేదు. అందరికీ ఆమె నేర్పిన ఈతే.

పొద్దు వాలే వేళకు మలుపు దగ్గర తుంగలో దొరికింది సుంకులవ్వ. తన చాపల కోసం రోజూ కోసుకునే తుంగే అది. ఆమెను మోసుకొస్తుంటే ఎవరూ మాట్లాడలేదు. ఉరుకుందప్ప కూడా మాట్లాడలేదు. అతను ఏడాదిపాటు ఎవరినీ ఎగతాళి చేయలేదని చెబుతారు. ఏడాది అంటే ఎక్కువ చెబుతున్నారేమో గానీ, చాలాకాలమే.

అందరి బెండ్లూ లెక్కపెట్టిన ఊరు అది. అవ్వకెన్ని అని ఒక్కరూ అడగలేదు.

ఆ ఏడు బసన్న పొలం బీడు పడింది. దున్నడానికి ఎవరూ ముందుకు రాలేదు, తమ్ముడి కొడుకులు కూడా. మరుసటి ఏడు మారెన్న రెండు బెండ్లు కట్టుకుని ఒడ్డుకు వచ్చాడు. ఎవరూ నవ్వలేదు. దాటి, గడ్డి తెచ్చి, బంతిలో కూర్చున్నాడు. ముద్ద మింగుడు పడలేదు గానీ కూర్చున్నాడు. మర్నాటి నుంచి బావి మెట్టు మీద అవ్వ కూర్చునే చోట కత్తి పట్టుకుని కూర్చున్నాడు. మొదటిరోజు వచ్చిన పిల్లలతో, "నాకు రెండు బెండ్లు. నేను మునిగితే మీరు రావాల" అని చెప్పాకే వాళ్లకు తాళ్లు కట్టాడు.

ముసలివాడయ్యేదాకా ప్రతి ఏడూ ఏరు దాటాడు. ప్రతి ఏడూ రెండు బెండ్లతోనే. అప్పటికి అతని చేతుల మీదుగా ఎందరో ఈత నేర్చుకున్నారు, అతనికీ వచ్చేసిందని అందరికీ తెలుసు. కుర్రాళ్లెవరైనా, "ఇంకా ఎందుకు తాతా ఆ బెండ్లు?" అంటే, "అవ్వ ఇంకా గీకలేదు" అనేవాడు.

ఇప్పటికీ ఏటిగడ్డలో ఎవరైనా ఎవరికైనా ఏదైనా నేర్పబోతే, మేడి పట్టడమైనా, రొట్టె తట్టడమైనా, నేర్చుకునేవాడు ముందు అడగాలి. "నీకెన్ని బెండ్లు?" అని. నేర్పేవాడు తనకు ఏది రాదో చెప్పాలి. చెప్పాకే పాఠం. ఊరికి కొత్తగా వచ్చిన బడిపంతుల్ని కూడా వదలరు. ఒకాయన బిత్తరపోయి, లెక్కలు వచ్చు గానీ పాట రాదని ఒప్పుకున్నాడు. ఊరు ఆయనకు దండం పెట్టి పిల్లల్ని అప్పగించింది. తనకు రానిదంటూ ఏదీ లేదన్న ఇంకొకాయన్ని మాత్రం సాగనంపింది.

ఇక ఏరు దాటే రోజున, పిల్లలు దిగకముందు, రెండు బెండ్లను ఏట్లో వదులుతారు. వాటికి తాడుండదు, మనిషి ఉండడు. అవి ఊగుతూ నడి ఏటికి పోతాయి. ఉరవడి పక్కనుంచి తగిలి తిప్పుతుంది. నెమ్మదిగా మలుపు వైపు సాగుతాయి. అంతసేపూ ఊరంతా ఒడ్డు మీద నిలబడి చూస్తుంది. ఒక్కరూ మాట్లాడరు. ఆ ఊళ్లో అది చిన్న విషయం కాదు. ఎండ మండినా, వాన కురిసినా, అవి కనుమరుగయ్యేదాకా ఒక్కరూ వీపు తిప్పరు.

పిల్లలు కాళ్లు నొప్పులంటారు. ఇంకా ఎంతసేపు అంటారు. పెద్దవాళ్లు కళ్లు ఏటి మీదినుంచి తీయకుండా, వాళ్ల తలల మీద చెయ్యి వేసి పట్టుకుంటారు.

"నిలబడండి నాయనా" అంటారు. "ఒకసారి ముందే వీపు తిప్పినాం."